మార్కేసా అరువు నగలు

ఒబ్దూలియా కారు ఇంకా చావలేదు గానీ, వీధిలో పంపకాలు మాత్రం అయిపోయాయి.

ముందు బంపరు బెలార్మినోది. తలుపు పిడులు చెప్పులు కుట్టే కవలలవి. స్టీరింగు చక్రం తన కొడుక్కి కావాలని రొట్టెల కొట్టు ఆవిడ ముందే చెప్పి పెట్టుకుంది. అందరూ మంచివాళ్ళే. పొద్దున్నే ఒబ్దూలియా గుమ్మం ముందు నుంచి పోతూ "మీ మార్కేసా ఎలా ఉందమ్మా, నూరేళ్ళు బతకాలి" అనేవాళ్ళే. అంటూ అంటూనే ఎవరి చూపు వాళ్ళ వాటా మీద పడేది.

మార్కేసా అంటే దొరసాని. యాభై మూడో సంవత్సరపు షెవ్రొలేకి ఆ పేరు పెట్టింది ఒబ్దూలియా భర్త లియోవిహిల్దో. అతను బతికున్నన్నాళ్ళూ ఆదివారాలన్నీ ఆ కారు కిందే పడుకున్నాడు. ఒబ్దూలియా పక్కన కూర్చుని లైటు పట్టుకునేది, పానాలు అందించేది, మధ్యమధ్యలో "అది కాదు, పక్కది" అనేది. అతను పోయాక లైటు పట్టేవాళ్ళు లేక, లైటును పందిరి గుంజకి కట్టి తనే కిందికి దూరింది. వీధివాళ్ళు మొదట్లో నవ్వారు. తరవాత తమ కార్లు కూడా తెచ్చి చూపించుకోవడం మొదలుపెట్టారు.

కారు నడిపేది అల్లుడు ఓస్నియెల్. బజారు నుంచి ఆసుపత్రి దాకా, ఆసుపత్రి నుంచి బజారు దాకా, ఎక్కినంతమందిని ఎక్కించుకుని తిప్పుతాడు. ఇల్లంతా ఆ కారు మీదే గడుస్తుంది. మనిషి తలుపుకి అడ్డం వచ్చేంత ఉంటాడు గానీ, టోపీ పెట్టుకున్నవాణ్ణి చూస్తే చాలు, చెమటలు పడతాయి.

ఇప్పుడా కారుకి గండం వచ్చింది. సర్కారు తనిఖీలో మొదటిసారి పొగ ఎక్కువని తప్పించారు. రెండోసారి స్టీరింగు ఊగుతోందని తప్పించారు. మూడోసారి కూడా తప్పితే నంబరు ప్లేటు అక్కడే ఊడదీసుకుంటారు. ప్లేటు లేని కారు కారు కాదు, సామాన్ల కుప్ప. ఇక మిగిలేది వీధి పంపకమే.

పొగ సంగతి ఒబ్దూలియా చూసుకుంది. స్టీరింగు కీళ్ళలోకి కావలసిన బుష్‌లు ఎక్కడా దొరకకపోతే, వంటింట్లో మాంసం కోసుకునే తెల్ల ప్లాస్టిక్ పలకను కోసి, అరగదీసి, తనే చేసుకుంది. అప్పటినుంచి చక్రం రాయిలా నిలబడింది. బ్రేకులు మొదటినుంచీ గట్టివే. కారు లోపలంతా నిక్షేపంగా ఉంది. చిక్కంతా పైన. వెనక టైర్లు గుండులా అరిగిపోయాయి. హారను మూగబోయింది. ఒక వైపరు ఎక్కడ ఊడిపడిందో దేవుడికి తెలియాలి. అన్నిటికీ మించి, కుడివైపు వెనక లైటుకి ఎర్ర అద్దం లేదు. గుర్రబ్బండివాడు వెనక్కి జరుపుతూ దాన్ని పొడిచేశాడు.

ప్యూబ్లో నువేవో పేటలో ఇదేం పెద్ద సమస్య కాదు. తనిఖీ రోజున అక్కడ ఏ కారూ తన ఒంటిమీద తన సొమ్ముతోనే వెళ్ళదు. ఒకరి టైర్లు, ఇంకొకరి బ్యాటరీ, వేరొకరి అద్దాలు పెట్టుకుని, పెళ్ళికూతురిలా ముస్తాబై వెళ్ళి, ముద్ర వేయించుకుని, తిరిగొచ్చాక ఎవరివి వాళ్ళకిచ్చేస్తుంది. రాత్రి అన్నాలవేళకి ముందే ఇచ్చెయ్యాలి. అడిగితే లేదనకూడదు. ఇవీ పద్ధతులు. లియోవిహిల్దో టైర్లు కూడా ఒకప్పుడు పేటలో సగం కార్ల కింద తిరిగొచ్చినవే.

అందుకని తనిఖీ ముందు రోజు ఒబ్దూలియా మొదట బెలార్మినో ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద డామినో ఆడుతున్నాడు.

"టైర్లు కదా, తీసుకెళ్ళక్కా. లేదంటే జనం నా మొహాన ఉమ్మేస్తారు," అన్నాడు పలకల మీంచి తల ఎత్తకుండా. "కాకపోతే ఒక మాట. రేపు తప్పిందనుకో, కబురు ముందు నాకే చెయ్యాలి."

"నీకు కాక ఎవరికి చేస్తాను. దానికోసం నీ అంత ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు."

"బంపరుకి గీతలు పడకుండా తీసుకురమ్మను మీ అల్లుణ్ణి."

"నీ టైర్లకి మేకులు గుచ్చుకోకుండా కూడా తీసుకురమ్మంటాలే."

కవలలు హారను ఇచ్చారు. రొట్టెల కొట్టు ఆవిడ వైపరు ఇచ్చింది. వెనక లైటు అద్దం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ సంవత్సరం షెవ్రొలే ఆ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉంది. అది వీధి చివర అరిస్తీదెస్‌ది.

అరిస్తీదెస్ తనిఖీ కేంద్రంలోనే పనిచేస్తాడు. కార్లవైపు కాదు, లారీలవైపు. అతని షెవ్రొలే ఇంకా రోడ్డెక్కలేదు. ఇంటికి ఉన్న ఒక్క పక్కా కొట్టంలో, ఉతికిన దుప్పటి కప్పుకుని, ఏళ్ళ తరబడి తయారవుతూనే ఉంది. అతను దానికి రంగు వేసి, నచ్చక గీకేసి, మళ్ళీ వేసి, మళ్ళీ గీకేసేవాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు. అలాంటి మనిషిని అడగడం దండగ. ఒబ్దూలియా అతని భార్య మెల్బాని అడిగింది.

మెల్బా పెరట్లో తాళ్ళమీద బట్టలు తీస్తోంది. వాన చినుకులు మొదలయ్యాయి.

"చూశావా పిన్నీ, ఆ ముండకి పైన కప్పు. నా బట్టలకి వాన," అంది మెల్బా. "ఇంట్లో పళ్ళు తోముకోవడానికి పేస్టు లేదు. ఉన్నదంతా దాని దీపాలకి రుద్దుతాడు. రాత్రి నిద్రలో దాని పేరు కలవరిస్తే సరేలే అనుకున్నాను. మొన్న నన్ను దాని పేరుతో పిలిచాడు."

"వెనక లైటు అద్దం ఒక్కటే చాలు మెల్బా. రేపు సాయంత్రానికల్లా తెచ్చి బిగించేస్తా."

"ఒక్కటేనా? రెండూ పట్టుకుపో. ఇంజను కూడా కావాలా?"

"ఒక్కటి చాలు తల్లీ. అతను చూస్తేనో?"

"పొద్దున్నే లారీలవైపు పోతే చీకటి పడ్డాకే రావడం. వచ్చినా దుప్పటి మీంచి ఒకసారి నిమిరి వెళ్ళి పడుకుంటాడు." మెల్బా ఒక్క క్షణం ఆలోచించి వంటింట్లోకి పోయి, ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు ఒకటి తెచ్చింది. "దీన్ని అక్కడ బోర్లించి పెడతా. నిమిరినా తెలీదు."

ఇద్దరూ కొట్టంలోకి వెళ్ళి, స్క్రూలు తీసి, అద్దాన్ని లంగా గుడ్డలో చుట్టి, వాన తగ్గకముందే పని ముగించారు. మెల్బా ఆ సాయంత్రమంతా పాట పాడుకుంటూ అన్నం వండిందని తరవాత తెలిసింది.

మర్నాడు పొద్దున మార్కేసాని చూసినవాళ్ళు గుర్తుపట్టలేదు. ఒబ్దూలియా వెనక సీట్లో, తన ఒక్క మంచి గౌను వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా అల్లుడికి ఒకటే మాట చెప్పింది.

"నిన్ను అడిగినదానికే చెప్పు. అడగనిది చెప్పకు."

"సరే అత్తా."

"అసలు అడిగినది కూడా నేనే చెప్తాను."

"అదింకా మేలు అత్తా."

తనిఖీ కేంద్రం బయట కార్లు బారులు తీరి ఉన్నాయి. రేకుల పందిరి కింద పెద్ద ఇన్‌స్పెక్టరు ఎవెలియో కుర్చీలో కూర్చుని, ముద్ర పక్కన పెట్టుకుని, అట్టముక్కతో విసురుకుంటున్నాడు. మార్కేసా వంతు రాగానే లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ ఒక మనిషి వచ్చాడు. ఒబ్దూలియాకి పైప్రాణాలు పైనే పోయాయి. వచ్చింది అరిస్తీదెస్.

"కార్లు చూసే అబ్బాయి ఏడీ నాయనా?" అని అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"పన్ను నొప్పని పోయాడు పిన్నీ. ఇవాళ నేనే." అరిస్తీదెస్ టోపీ సర్దుకున్నాడు. "ఏం ఓస్నియెల్, అంతా బాగేనా?"

"నాకేం తెలీదు," అన్నాడు ఓస్నియెల్.

"నేనింకా ఏమీ అడగలేదయ్యా."

"అందుకే ముందే చెప్పాను."

అరిస్తీదెస్ బండి కిందున్న తనిఖీ గోతిలోకి దిగి చూశాడు. స్టీరింగు పట్టి ఊపాడు. ఊగలేదు. బ్రేకు తొక్కించాడు, బండి తాడు వేసి లాగినట్టు ఆగింది. పొగ చూశాడు, తల ఊపాడు. హారను కొట్టమన్నాడు. ఓస్నియెల్ నొక్కాడు. కవలలు దాన్ని ఏ ఓడ రద్దు సామాన్లలోంచి తెచ్చారో గానీ, రేకుల పందిరి దడదడలాడింది. వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి రేవు వైపు చూశారు. ఎవెలియో చేతిలో అట్టముక్క ఒళ్ళో పడింది.

"మనుషులకి వినపడాలి గానీ, సముద్రంలో చేపలకి కాదు," అన్నాడు అరిస్తీదెస్, నవ్వుతూ వెనక్కి వెళ్ళాడు. "లైట్లు వెయ్యి."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఒబ్దూలియా అన్నీ ఆలోచించింది గానీ, ఒక్కటి ఆలోచించలేదు. కొట్లో కొన్న అద్దమయితే వెయ్యింటిలో ఒకటి, ఎవరిదో చెప్పలేరు. కానీ ఆ పేటలో కార్లమీద కొట్లో కొన్నది ఏముంది? ఆ అద్దానికి ఎప్పుడో ఒక మూల విరిగిపోతే, అరిస్తీదెస్ ఎర్ర రంగు పళ్ళ బ్రష్షు పిడిని గరిటెలో కరిగించి, బొట్టుబొట్టుగా పోసి, ఆ మూలను మళ్ళీ పుట్టించాడు. ఉప్పుకాగితంతో అరగదీసి, అద్దం మీది సన్నటి గీతలను సూదితో ఒక్కొక్కటే కొనసాగించి, పేస్టుతో మెరుగుపెట్టాడు. ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ కంటే ముందు అదే చూపించేవాడు. ఒబ్దూలియా కూడా చూసింది. చూసి మెచ్చుకుంది కూడా. ముందు రోజు వానలో, హడావుడిలో, ఆ సంగతే మర్చిపోయింది.

అరిస్తీదెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో ఆ మూలను నిమిరాడు. నిద్రపోతున్న పసిపాపని ఎవరో ఎత్తుకొచ్చి బజార్లో కూర్చోబెడితే చూసినట్టు చూశాడు.

ఒబ్దూలియా కారు దిగి అతని పక్కకి వచ్చింది.

"ఈ లైటు..." అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"వెలుగుతోందా నాయనా?"

"వెలుగుతోంది."

"ఎర్రగానేనా?"

"ఎర్రగానే."

"మరింకేం."

"ఇది నాకు తెలిసిన లైటు పిన్నీ."

"ఈ ఊళ్ళో నీకు తెలియని లైటు ఏముంది."

"మెల్బా..." అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

"ఏంటయ్యా అక్కడ ఆలస్యం?" ఎవెలియో కుర్చీలోంచి లేచి వస్తున్నాడు. మొన్నటినుంచి అతను అతుకుల అద్దాల మీద పగబట్టి ఉన్నాడు. అతుకు వేసిన లైటు చెల్లదని నిబంధన. మొన్నొకడు గోళ్ళ రంగు పూసుకొచ్చాడట, ఇవాళ ఇంకొకడు ఎర్ర కాగితం అంటించుకొచ్చాడట. ఇద్దరినీ వెనక్కి పంపాడు. వచ్చి వంగి, బొటనవేలితో అద్దం మీద రాసి, వెలుతురుకి అటూ ఇటూ తల తిప్పి చూశాడు.

"ఇంత పాతబండికి ఇంత మంచి అద్దమా? నాకు అనుమానంగా ఉంది. అరిస్తీదెస్, నీ ఇంట్లో ఇదే బండి ఉంది కదా. నువ్వు చెప్పు. ఇది కంపెనీదా, ఎవడైనా చేత్తో అతికిందా?"

అరిస్తీదెస్ టోపీ మళ్ళీ సర్దుకున్నాడు.

ఒబ్దూలియా అతని మొహంలోకి చూసింది. చేత్తో అతికిందంటే మార్కేసా పని అయిపోయినట్టే. దాంతోపాటు అతని షెవ్రొలే పని కూడా, ఎందుకంటే రేపు అదే అద్దంతో అదే పందిరి కిందికి అతను రావాలి, తన నోటితోనే చెల్లదని చెప్పేశాక ఏ మొహంతో వస్తాడు. అలాగని కంపెనీదంటే, తను జీవితంలో చేసిన అతి గొప్ప పని ఎవరో పరదేశి యంత్రం ఖాతాలోకి పోతుంది. ఎదురుగా పెద్ద ఇన్‌స్పెక్టరు, అంత దగ్గరగా, బొటనవేలు పెట్టి మరీ చూస్తున్నప్పుడు, "ఇది నేను చేశాను" అని చెప్పుకోవడానికి వీల్లేని బతుకు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ ఒబ్దూలియా నాలుక ఎప్పుడూ ఆమె కంటే ఒక అడుగు ముందుంటుంది.

"చేత్తో ఇంత పని ఎవరివల్ల అవుతుంది బాబూ," అంది ఎవెలియోతో. "ఈ కాలంలో అంత చెయ్యి ఎవరికుంది."

అరిస్తీదెస్ చెవులు ఎర్రబడ్డాయి. మెడ నిటారుగా లేచింది. "ఎవరికీ లేదా?" అన్నాడు.

అతని నోట్లోంచి ఇంకొక్క ముక్క వస్తే చాలు, నంబరు ప్లేటు పోయినట్టే. ముందు సీట్లో ఓస్నియెల్ కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఏమో నాయనా, ఒకరో ఇద్దరో ఉండొచ్చు," అంది గబగబా. "ఉన్నా ఇలాంటి చోట వాళ్ళే చెప్పుకోరు. అంత పెద్దమనుషులు."

ఎవెలియో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకు ఉపన్యాసాలొద్దు. కంపెనీదా, కాదా?"

అరిస్తీదెస్ ఆ మూలకేసి ఒకసారి చూసుకున్నాడు. మింగలేక మింగాడు.

"కంపెనీదే," అన్నాడు.

"అనుకున్నా," అన్నాడు ఎవెలియో. "ఇంత నునుపు చేతికి రాదు. ఈ గీతలు చూడు, ఎంత తిన్నగా ఉన్నాయో. ఆ రోజుల్లో పని అంటే అలా ఉండేది." కుర్చీ దగ్గరికి పోయి టప్పున ముద్ర కొట్టాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో వాటాదారులంతా నిలబడి ఉన్నారు. ముద్ర చూశాక ఎవరి మొహాలు వాళ్ళు సర్దుకుని సంతోషించారు. కవలలు హారను విప్పుకున్నారు. రొట్టెల కొట్టు ఆవిడ వైపరు తీసుకుంటూ "మా వాడికి ఇంకా వయసుందిలే" అంది. బెలార్మినో టైర్లు దొర్లించుకుంటూ బంపరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మళ్ళీ తనిఖీ దాకా ఇంకో రెండేళ్ళు ఆగాలన్నమాట," అన్నాడు.

"నీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో మరి," అంది ఒబ్దూలియా.

మార్కేసా ఇటుకల మీద కూర్చుంది. దాని వెనక నంబరు ప్లేటు మాత్రం దానిదే, దాని చోటనే ఉంది. ఒబ్దూలియా లైటు అద్దం విప్పుదామని స్క్రూడ్రైవరు తెచ్చుకునేలోపే అరిస్తీదెస్ సైకిలు గుమ్మం ముందు ఆగింది. ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చినట్టున్నాడు. వీధి చివరినుంచి అది చూసి మెల్బా, చేతిలో ఎర్ర ప్లాస్టిక్ గ్లాసుతో, వగర్చుకుంటూ వెనకే వచ్చింది.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు అరిస్తీదెస్ పెళ్ళాంతో.

"మాట్లాడ్డం లేదుగా."

"నాలుగు గోడల మధ్య పెట్టుకున్న సొత్తు. వానలో తీసుకెళ్ళారు. బజార్లో తిప్పారు. నా చేత..." అతను ఒబ్దూలియా వైపు తిరిగాడు. "నా చేత నా పనినే నాది కాదనిపించారు పిన్నీ."

"తప్పే నాయనా," అంది ఒబ్దూలియా. "కూర్చో. కాఫీ పెడతాను."

"నాకు కాఫీ వద్దు." అని బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఆమె కాఫీ తెచ్చింది, తాగాడు. అతను ఖాళీ కప్పులోకి చూస్తూ అడిగాడు.

"ఎవెలియో చివర్లో ఏమన్నాడు? ఆ వెనక ఇంజను చప్పుడులో నాకు సరిగ్గా వినపడలేదు."

ఒబ్దూలియా స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది.

"ఇంత నునుపు చేతికి రాదన్నాడు."

"గీతల గురించి ఏదో అన్నట్టున్నాడు."

"ఇంత తిన్నటి గీతలు నా సర్వీసులో చూడలేదన్నాడు."

"సర్వీసులో అన్నాడా?"

"మరి? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అన్నాడు."

అరిస్తీదెస్ మెల్బా వైపు తిరిగాడు. "విన్నావా?"

"నేను మొదటి రోజునుంచీ బాగుందనే అంటున్నానుగా," అంది మెల్బా.

"నువ్వు నా పెళ్ళానివి. నీ మాట లెక్కలోకి రాదు." మళ్ళీ ఇటు తిరిగాడు. "మొదటినుంచి చెప్పు పిన్నీ. మెల్బా వినలేదు కదా. అతను కుర్చీలోంచి లేచిన దగ్గరనుంచి చెప్పు."

ఒబ్దూలియా మొదటినుంచి చెప్పింది. ఈసారి ఎవెలియో వంగి చూడలేదు, ఒక మోకాలు నేలకి ఆనించి మరీ చూశాడు. ఓస్నియెల్ వంటింటి గుమ్మంలోంచి విని, తను కూడా అక్కడే ఉన్నానా అని కాస్త తికమక పడ్డాడు. రొట్టెల కొట్టు ఆవిడ వైపరు చేత్తో పట్టుకుని వెళ్ళబోయిందల్లా ఆగింది. ఆమె కోసం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"అప్పుడిక ఎవెలియో," అంది ఒబ్దూలియా, "ఆ అద్దం ముందు నిలబడి, టోపీ తీశాడు."

మెల్బా నోటికి గ్లాసు అడ్డం పెట్టుకుంది. రొట్టెల కొట్టు ఆవిడ అరిస్తీదెస్ వైపు చూసింది.

"నిజంగా తీశాడా?"

అరిస్తీదెస్ బకెట్టు మీంచి లేచి, చొక్కా కిందికి లాక్కున్నాడు.

"తీశాడు," అన్నాడు. "నేను పక్కనే ఉన్నానుగా."